ఆకుపచ్చ ప్యాకెట్ తిన్న పాపం

"విదేశాల్లో ఉన్నప్పుడు అక్కడివాళ్ళ తిండి, మూఢనమ్మకాలు చూసి వింతగా అనిపించిందా?" అని అడిగారు. ఆ మూఢనమ్మకం అనే మాట దగ్గరే నాకు పేచీ. కొత్త కారు కొంటే షోరూం నుంచి తిన్నగా ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి తోలుకెళ్ళి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఆ తర్వాతే ఇంటికి తెచ్చుకునే ఊరు మాది. 1971 యుద్ధంలో నేవీ పెద్దాయన ఆ గుడిలో 1001 కొబ్బరికాయలు కొట్టించాడని, అందుకే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరంలో మునిగిందని వైజాగ్‌లో ఆటో ఎక్కితే చాలు చెబుతారు. ఘాజీ మునగడం చరిత్ర, కొబ్బరికాయలు మా ఊరి కథ. అలాంటి ఊళ్ళో పుట్టినవాడు ఇంకొకర్ని చూసి నవ్వకూడదు. నేను నవ్వాను. అందుకు ఏమైందో చెబుతాను.

తైవాన్‌లో షిన్‌చు అనే ఊళ్ళో రెండేళ్ళున్నాను. 1980లో పెట్టిన సైన్స్ పార్క్ ఉన్న ఊరు, ప్రపంచానికి కంప్యూటర్ చిప్‌లు చేసి పంపే ఊరు. గాలికి కూడా పేరే. గొడుగు తెరిస్తే అది మనల్ని తీసుకుపోతుంది. నా పని ఒక ల్యాబ్‌లో, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ దగ్గర. లోపలి గాలి లాగేసి వ్యాక్యూమ్ చేస్తేనే పనిచేసే మిషన్ అది. రాత్రి పూట మిషన్ ఖాళీగా ఉంటుందని నేను ఎక్కువగా రాత్రిళ్ళే వెళ్ళేవాణ్ణి.

ఒకరోజు రాత్రి రెండింటికి విపరీతమైన ఆకలి. రోడ్డు దాటితే ఇరవై నాలుగు గంటలూ తెరిచుండే షాపుంది, కానీ వాన, బద్ధకం. చూస్తే మిషన్ క్యాబినెట్ మీద ఆకుపచ్చ ప్యాకెట్ ఒకటి కనబడింది. మొక్కజొన్న పిండితో చేసిన ఉబ్బు చిరుతిండి, మన పిల్లలు వేళ్ళకి తొడుక్కుని తినే గొట్టాల్లాంటివి. ఎవరో మర్చిపోయారనుకుని, వరండాలోకి తెచ్చుకుని మొత్తం లాగించేశాను. కొబ్బరి రుచి, కొంచెం తియ్యగా, బాగానే ఉంది.

పొద్దున్న ఎనిమిదింటికి మా సీనియర్ అమ్మాయి ఫోన్. అక్కడ కాలేజీల్లో సీనియర్ అమ్మాయిని అక్కా అనే అర్థం వచ్చేలా పిలుస్తారు, నేను తెలుగులోనే 'అక్కా' అనేవాణ్ణి, అలవాటైపోయింది. "మిషన్‌లో వ్యాక్యూమ్ రావట్లేదు, రాత్రి నువ్వేమైనా చేశావా?" అంది. లేదన్నాను. "క్యాబినెట్ మీద ప్యాకెట్ ఏమైంది?" అంది. తిన్నానన్నాను. అవతల కాసేపు మాట లేదు.

అప్పుడు తెలిసింది. దాని పేరు గ్వాయ్ గ్వాయ్. ఆ మాటకి 'బుద్ధిగా ఉండు' అని అర్థం, మనం చంటిపిల్లల్ని బుజ్జగించినట్టు. 1968 నుంచీ దొరుకుతున్న చిరుతిండి. మిషన్ల మీద పెడితే అవి మొరాయించకుండా పనిచేస్తాయని నమ్మకం. సర్వర్ల మీద, ఆసుపత్రి యంత్రాల మీద, ఎక్కడైనా పెడతారు. పచ్చదే పెట్టాలి, సిగ్నల్‌లో పచ్చ లైటు లెక్క. పసుపుదీ ఎర్రదీ పెడితే మొదటికే మోసం. తేదీ దాటకూడదు. మిషన్ మీద ఉన్నంతకాలం విప్పకూడదు, తినకూడదు. నేను విప్పి తిన్నాను.

ఇక్కడే నవ్వాను. "అక్కా, మీరు ఎలక్ట్రాన్లతో పనిచేసే మనుషులు" అన్నాను. ఆమె నవ్వలేదు. ఇంజనీరుకి ఫోన్ చేసి, నన్ను షాపుకి తీసుకెళ్ళి నా డబ్బులతోనే కొత్త ప్యాకెట్ కొనిపించి, మార్కర్‌తో దాని మీద మిషన్ పేరూ, 'దయచేసి బుద్ధిగా పనిచెయ్యి' అనీ రాసింది. అంతటితో వదుల్తుందనుకున్నా. వదల్లేదు. క్యాంపస్ వెనక సందులో చిన్న గుడికి లాక్కెళ్ళింది. ఆ నేలకి కాపలా ఉండే దేవుడు, తెల్లగడ్డం తాతగారు, తూదీగోంగ్ అంటారు. మన పొలిమేర అమ్మవార్ల డ్యూటీయే, మగవేషం అంతే.

చేతిలో రెండు ఎర్ర చెక్కలు పెట్టింది. చంద్రవంక ఆకారం, ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. మనసులో ప్రశ్న అడిగి కింద పడెయ్యాలి. ఒకటి చదునూ ఒకటి ఉబ్బూ పైకి పడితే సరేనన్నట్టు. రెండూ బోర్లా పడి ఉబ్బులు పైకొస్తే కాదన్నట్టు. రెండు చదునులూ పైకొస్తే దేవుడు నవ్వుతున్నట్టు. "తెలియక తిన్నాను, క్షమించావా తాతా" అని తెలుగులో అడిగి వేశాను. రెండూ చదునుగా పడ్డాయి. నవ్వుతున్నాడు!

"నువ్వెవరో చెప్పావా?" అంది అక్క. పేరు, పుట్టినరోజు, అడ్రస్ చెప్పాలట. లేకపోతే ఎవరి కేసో ఆయనకెలా తెలుస్తుంది? అక్కడ నాకు ఒళ్ళు జలదరించిందంటే నమ్మండి. మన గుళ్ళో పంతులుగారు గోత్రం, పేరు, నక్షత్రం అడగరూ? అదే కదా. కాకపోతే ఏ అడ్రస్ చెప్పాలన్నది సమస్య. హాస్టల్‌దా, ఇంటిదా? అబద్ధం చెప్పకూడదని కంచరపాలెం మెట్టు దగ్గర మా ఇంటి డోర్ నంబరు, వీధి, పిన్‌కోడ్‌తో సహా చెప్పాను. ఈసారి ఒకటి చదును, ఒకటి ఉబ్బు. సముద్రాలవతల తాతగారికి కంచరపాలెం తెలుసు!

మధ్యాహ్నం ఇంజనీరు వచ్చి ఒక రబ్బరు రింగు మార్చాడు. వ్యాక్యూమ్ వచ్చేసింది. చూశావా, రింగే కదా అన్నాను. "ఇంజనీరు అదే రోజు దొరకడం ఎవరివల్ల అనుకున్నావ్?" అంది. దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మామూలుగా ఆ కంపెనీవాళ్ళు మూడు రోజులు తిప్పుతారు.

సాయంత్రం అమ్మకి ఫోన్లో చెబితే, నవ్వుతుందనుకున్నా. "దేవుడికి పెట్టింది అడక్కుండా తినేసావేట్రా!" అని గొల్లుమంది. వచ్చే మార్గశిరం గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మికి నా పేరున మొక్కేసింది. తెలియనివాళ్ళకి చెబుతాను: 1912లో బావిలో దొరికిన అమ్మవారిది. గర్భగుడికి పైకప్పు ఉండదు, ఎవరైనా సరే తమ చేత్తో తాకి పసుపు, కుంకుమ పెట్టి పూజ చేసుకోవచ్చు. ఇదంతా అక్కకి చెబితే "మరి మీ అమ్మవారు జవాబు ఎలా చెబుతుంది?" అంది. అమ్మవారి మీద పెట్టిన పువ్వు కింద పడితే సరేనన్నట్టు అని చెప్పాను. "అయితే చెక్కలు తేలిక" అంది. నిజమే. మనం ఎక్కువగా కోరికలు చెప్పుకుని వచ్చేస్తాం, వాళ్ళు నిలబడి జవాబు తీసుకుని వెళ్తారు. నేను గమనించిన అసలు తేడా ఇదొక్కటే, మిగతావన్నీ పైపైవి.

తిండి సంగతి కూడా అడిగారు కాబట్టి. షిన్‌చులో నగరదేవుడి గుడి ఉంది, 1748లో కట్టింది. చచ్చినవాళ్ళ పాపపుణ్యాలు చూసే దేవుడు, మన చిత్రగుప్తుడి శాఖ. ఆ గుడి చుట్టూ, ముంగిట్లోకి కూడా, తిండి కొట్లే. సన్న బియ్యపు సేమ్యా, పంది మాంసం ఉండల సూపు. అగరొత్తుల పొగా, వేపుడు పొగా కలిసే పైకి పోతాయి. మొదటిసారి చెప్పులు ఎక్కడ విప్పాలో తెలీక అయోమయంగా నిలబడ్డాను, ఎవరూ విప్పట్లేదు! అలాగని తిండి నియమాలు లేవనుకోకండి. అమావాస్య, పున్నములకి మాంసం మానేసేవాళ్ళున్నారు. వాళ్ళ శాకాహారంలో ఉల్లి, వెల్లుల్లి కూడా పడవు. పాత తరం రైతు కుటుంబాల్లో గొడ్డుమాంసం ముట్టనివాళ్ళు చాలామంది, పొలం దున్నిపెట్టిన జీవం అని. మా తాతయ్య ఇదే మాట అనేవాడు.

అక్కడి పులిసిన టోఫు, అంటే సోయా పనీర్, దాని కంపు గురించి మనవాళ్ళు వీడియోలు పెట్టి ముక్కు మూసుకుంటారు చూడండి, నాకు ఒళ్ళు మండుతుంది. ఎండు నెత్తళ్ళు వేయించిన రోజు మన వీధి చివరి వరకూ తెలియదూ? పూర్ణా మార్కెట్లో ఎండుచేపల వరస పక్కనుంచి ఒక పరాయివాణ్ణి నడిపించండి, తర్వాత మాట్లాడదాం. టోఫు నాలుగోసారికి నాకు నచ్చింది. మూడుసార్లు కష్టమే, ఒప్పుకుంటా. ఇంకోటి, అక్కడ చెత్త బండి పియానో సంగీతం మోగిస్తూ వస్తుంది, జనం సంచులతో వరసగా నిలబడి తామే వేస్తారు. మొదటి వారం ఐస్‌క్రీం బండి అనుకుని డబ్బులు పట్టుకుని పరిగెత్తాను. మా వీధిలో బండి వచ్చిందో లేదో అది వెళ్ళిపోయాకే తెలుస్తుంది.

నమ్ముతావా అని అడిగితే, ప్యాకెట్ ఉన్న మిషనే బాగా నడుస్తుందని ఖాయంగా చెబుతాను. తేదీ దాటకుండా మార్చాలి కాబట్టి ఎవరో ఒకరు అప్పుడప్పుడూ దాని దగ్గరకి వెళ్తారు, దుమ్ము తుడుస్తారు, వదులైన వైరు చూస్తారు. నేను చూసిన ప్రతి ల్యాబ్‌లో ఇదే. లెక్కలు అడగొద్దు.

తిరిగొచ్చాక ఇంట్లో ఇన్వర్టర్ నెలకోసారి మొండికేసేది. హుద్‌హుద్ తుఫానులో రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపినప్పటి నుంచి అమ్మకి ఇన్వర్టర్ అంటే ప్రాణం. గ్వాయ్ గ్వాయ్ ఇక్కడెక్కడ దొరుకుతుంది? పచ్చ రంగే కదా ముఖ్యమని, సందు చివర కొట్లో క్రీమ్ అండ్ ఆనియన్ చిప్స్ ప్యాకెట్ కొనుక్కొచ్చి పెట్టాను. సాయంత్రానికి అది తీసి బల్ల మీద పడేసి ఉంది. పక్కన అమ్మ నిలబడి ఉంది.

"బుద్ధుందేట్రా నీకు? ఉల్లిపాయ ఉన్నది పెడతావేటి!"