పాత కంప్యూటర్ పుస్తకాల సెట్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: టైమ్-లైఫ్ వారి 'అండర్‌స్టాండింగ్ కంప్యూటర్స్' సంపుటాలు ఒక్కొక్కటిగా కూడబెడుతున్నాను. 'కంప్యూటర్ బేసిక్స్' రెండు కాపీలు వచ్చాయి, లోపల తేడాలున్నాయి. ఏది ఉంచుకోమంటారు?

జవాబు: 1985లో మొదలైన ఈ వరుసలో కొన్ని సంపుటాలను తర్వాత సవరించి మళ్లీ వేశారు. కాబట్టి అట్టను నమ్మకండి. టైటిల్ పేజీ వెనక 'రివైజ్డ్' అని ఉందేమో చూడండి. కాపీరైట్ ఏడాది ఒక్కటే చూస్తే బోల్తా పడతారు, ఎన్నో ముద్రణలోనైనా అదే ఏడాది ఉండొచ్చు. చాలామంది ప్రచురణకర్తలు అక్కడే ఒక అంకెల వరుస వేస్తారు. ముద్రణ మారినప్పుడల్లా ఒక అంకె తీసేస్తారు కాబట్టి, అందులో మిగిలిన అతి చిన్న అంకే ముద్రణ సంఖ్య. ఆనాటి యంత్రాల మీద ఆసక్తి ఉన్నవారికి పాతదే మేలని మా అభిప్రాయం. రెండూ ఉంచుకుంటే ఇంకా మంచిది, ఏం మార్చారో పోల్చి చూడటమూ ఓ సరదా.

ఆన్‌లైన్‌లో కొనేముందు కాపీరైట్ పేజీ, వెన్ను, అడుగు అంచు ఫొటోలు అడగండి. అడుగు అంచు ఫొటో పంపడానికి నసిగితే అనుమానించాల్సిందే. అలమరలో నిలబెట్టిన పుస్తకానికి చెమ్మ తరచూ అక్కడి నుంచే ఎక్కుతుంది.

ప్రశ్న: నున్నటి కాగితం పుస్తకం తడిసి పేజీలు అతుక్కుపోయాయి. విడదీయొచ్చా?

జవాబు: పూర్తిగా ఆరిపోయి ఉంటే ఆశ తక్కువ. ఆ కాగితం మీది పూత తడికి మెత్తబడి, ఆరేటప్పుడు పక్క పేజీని జిగురులా పట్టేస్తుంది. లాగితే అక్షరాలు ఊడి అవతలి పేజీకి అంటుకొస్తాయి. ఇంకా తడిగానే ఉంటే వెంటనే ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి; దానితో నయం కాదు గానీ వ్యవధి దొరుకుతుంది. తర్వాత బయటికి తీసి, కరిగేకొద్దీ పేజీలు మెల్లగా విడదీస్తూ మధ్యలో సిలికాన్ పూసిన బేకింగ్ పేపర్ పెట్టి, ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. ఎండ, హెయిర్ డ్రయ్యర్ వద్దు, పేజీలు వంకర తిరుగుతాయి.

ముక్కిన వాసన మాత్రమే ఉంటే మూత డబ్బాలో గిన్నెడు వంటసోడా పెట్టి, పుస్తకాన్ని దానికి తగలకుండా జాలీ మీద నిలబెట్టి వారం ఉంచండి. బూజు ముట్టుకుంటే మెత్తగా అంటుకుంటోందా? ముందు బాగా ఆరబెట్టి, మాస్క్ వేసుకుని, ఆరుబయట మెత్తని బ్రష్‌తో దులపండి.

ప్రశ్న: ప్రోగ్రామింగ్ నేర్పే పాత 'ఇన్‌పుట్' వారపత్రిక 52 సంచికలూ ఉన్నాయి. బైండింగ్ చేయించనా?

జవాబు: వద్దు. పక్కకుట్టు వేసి అంచులు కోస్తే లోపలి మార్జిన్ కుట్టులోకి పోతుంది. ఆ మార్జిన్ దగ్గరున్న ప్రోగ్రాం లిస్టింగ్‌లో (చూసి టైప్ చేసుకోవడానికి అచ్చువేసిన కోడ్) ఒక్క కామా కనబడకపోయినా ప్రోగ్రాం నడవదు. కాగితాన్ని పాడుచేసే యాసిడ్ లేని అట్టపెట్టెలో పడుకోబెట్టండి.