ఎఫ్‌డీ బదులు అదే బ్యాంకు టైర్-2 బాండ్లు కొనొచ్చా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. 20 లక్షల ఎఫ్‌డీ వచ్చే నెల మెచ్యూర్ అవుతుంది. అదే బ్యాంకు టైర్-2 బాండ్లలో వడ్డీ ఎక్కువని, అయిదేళ్లకు డబ్బు తిరిగొస్తుందని ఏజెంటు అంటున్నారు. పెద్ద బ్యాంకే కదా, కొనొచ్చా?

జవాబు: వద్దండి. టైర్-2 బాండు అంటే బ్యాంకు తన మూలధనం కోసం తీసుకునే అప్పు. బ్యాంకు అదే అయినా, అది దెబ్బతింటే డబ్బు తిరిగిచ్చే వరుసలో మీరు డిపాజిటర్ల వెనక్కి వెళ్తారు. 5 లక్షల డిపాజిట్ బీమా కూడా దానికి వర్తించదు.

పెద్ద బ్యాంకులు డిపాజిట్లతోనే సరిపెట్టుకోవు. కొన్ని నెలల అవసరానికి సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్లు (మార్కెట్లో అమ్మే స్వల్పకాలిక డిపాజిట్ పత్రాలు) అమ్ముతాయి, వాటి గడువు 7 రోజుల నుంచి ఏడాది వరకే. రోడ్లు, విద్యుత్ ప్రాజెక్టుల అప్పులకు కనీసం ఏడేళ్ల ఇన్‌ఫ్రా బాండ్లు తెస్తాయి. అప్పంతా ఒక్కసారే తీర్చాల్సి వస్తే ప్రమాదమని ఈ ఏర్పాటు. 2007లో బ్రిటన్‌లోని నార్తర్న్ రాక్ బ్యాంకుకు మార్కెట్లో అప్పు పుట్టలేదు. ఆ కబురు తెలిసి బ్రాంచీల ముందు డిపాజిటర్లు బారులు తీరారు.

టైర్-2 వీటన్నిటికీ భిన్నం. నష్టం వస్తే డిపాజిటర్ల కన్నా ముందు మోయడానికే బ్యాంకు దాన్ని మూలధనంలో చూపిస్తుంది. 2020 నవంబరులో లక్ష్మీ విలాస్ బ్యాంకును డీబీఎస్ బ్యాంకులో కలిపినప్పుడు డిపాజిట్లు భద్రంగా కొత్త బ్యాంకుకు మారాయి. 318.20 కోట్ల టైర్-2 బాండ్లను మాత్రం పూర్తిగా రద్దు చేశారు.

ఇక ఆ "అయిదేళ్లు". టర్మ్ షీట్‌లో (బాండు షరతుల పత్రం) మెచ్యూరిటీ, కాల్ ఆప్షన్ (గడువుకు ముందే డబ్బు తీర్చేసే హక్కు) అని రెండు వేర్వేరు గడులు ఉంటాయి, చూడండి. మొదటిదాంట్లో పదేళ్లు, రెండోదాంట్లో అయిదేళ్లు ఉంటే ఏజెంటు చెప్పేది రెండోది. కాల్ హక్కు బ్యాంకుది, మీది కాదు. చివరి అయిదేళ్లలో ఆ బాండు మూలధన లెక్కలో ఏటా 20 శాతం చొప్పున తగ్గిపోతుంది, అందుకే మామూలుగా బ్యాంకులు ముందే తీర్చేస్తాయి. కానీ రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. పైగా కొత్త అప్పుకు వడ్డీ ఎక్కువైతే పాతదాన్నే కొనసాగించొచ్చు. ఈలోపు మీకు అవసరం పడి అమ్మబోతే, కొనేవాళ్లు అడిగిన ధరకే ఇవ్వాలి.

నేనైతే ఇలా సర్దమంటాను: 12 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో (పరిమితి 30 లక్షలు, మూడు నెలలకోసారి వడ్డీ). మిగతా 8 లక్షలు రెండు బ్యాంకుల్లో నాలుగేసి లక్షలు, ఒకటి ఏడాదికి, ఒకటి రెండేళ్లకు. అయిదు కాకుండా నాలుగెందుకంటే, బీమా పరిమితిలో వడ్డీ కూడా కలిసే ఉంటుంది. ఆ బ్యాంకులో మీ పేరున సేవింగ్స్ ఖాతా ఉంటే అదీ ఇందులోకే వస్తుంది.