ఎంపిక కాకముందే ఫెలోషిప్‌ను నమ్ముకుని అప్పు చేయొద్దు

ప్రశ్న: హైదరాబాద్‌లో భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తిచేశాను. గిరిజన భాషల వ్యాకరణం మీద నా పరిశోధన. పీహెచ్‌డీకి వచ్చే ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఆగిపోయి ఎనిమిది నెలలైంది. గెస్ట్ ఫ్యాకల్టీగా నెలకు సుమారు ₹30,000 వస్తోంది, ఖర్చులు ₹22,000. ఖాతాలో ₹40,000, అమ్మ ఇచ్చిన నాలుగు తులాల బంగారం ఉన్నాయి. క్రెడిట్ కార్డులో ₹1.2 లక్షల బాకీ ఉంది, నెలనెలా కనీస మొత్తం కడుతున్నాను. ఒక యాప్ ₹4 లక్షల వ్యక్తిగత రుణం ఇస్తానంటోంది. అది తీసుకుని, బోధన మానేసి, ఏడాదిపాటు యూరప్ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన అవకాశం) దరఖాస్తులకే సమయం కేటాయిద్దామనుకుంటున్నాను. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు ₹5,000 సిప్ మొదలుపెట్టమని అన్నయ్య అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ రుణం తీసుకోవద్దు. కొత్తగా డాక్టరేట్ వచ్చినవాళ్లలో చాలామంది ఇలాగే ఆలోచిస్తున్నారు కాబట్టి మీ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబిస్తున్నాను. ‘ఒక్క ఏడాది గడిస్తే చాలు, పోస్ట్‌డాక్ వస్తుంది, తీర్చేస్తాను’ అన్న లెక్క మీద ఎవరూ అప్పు చేయకూడదు.

₹4 లక్షలు 16 శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో తీసుకున్నారనుకుందాం. ఈఎంఐ దాదాపు ₹14,000. మీకు సంపాదన లేని ఆ ఏడాదిలో ఈఎంఐలకే దాదాపు ₹1.69 లక్షలు పోతాయి, అదీ తెచ్చుకున్న అప్పులోంచే. తినడానికి, అద్దెకు మిగిలేది నెలకు ₹19,000 చిల్లర. అంటే అప్పు చేసి కూడా ఇప్పటి ఖర్చులు గడవవు. ఏడాది తర్వాత చేతిలో డబ్బుండదు, ఇంకా రెండేళ్ల ఈఎంఐలు ఉంటాయి.

పైగా ఈ రంగంలో ఏదీ మన ఈఎంఐ తేదీ చూసుకుని రాదు. యూరప్‌లో పేరున్న మేరీ క్యూరీ ఫెలోషిప్‌నే తీసుకోండి. దరఖాస్తుకు గడువు సాధారణంగా సెప్టెంబరు, ఫలితాలు ఫిబ్రవరి ప్రాంతంలో, చేరడం ఆ తర్వాతెప్పుడో. నిర్ణీత స్థాయికన్నా తక్కువ మార్కులు వస్తే అదే సంస్థతో మరుసటి ఏడాది మళ్లీ పెట్టుకోనివ్వరు కూడా. ఇక్కడి సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల్లో 3,220 బోధనా పోస్టులకు 2023లో నోటిఫికేషన్లు వస్తే, వ్యవహారం కోర్టుకెక్కింది. అలాంటి నోటిఫికేషన్‌ను చూసుకుని అప్పు చేసినవాళ్లు ఏమై ఉంటారో ఆలోచించండి.

అందుకే నేను పదే పదే చెప్పేది అత్యవసర నిధి గురించే. నెల జీతం ఖాయంగా ఉన్నవారికి ఆరు నెలల ఖర్చులు చాలంటాం. మీకు చాలదు. గెస్ట్ ఫ్యాకల్టీకి తరగతులు జరిగిన నెలల్లోనే డబ్బు వస్తుంది, వేసవిలో చాలాచోట్ల ఏమీ రాదు. ప్రాజెక్టు పోస్టయితే ప్రాజెక్టుతోనే ముగుస్తుంది. ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి ఆలస్యం కావడం మీరు ఎస్‌ఆర్‌ఎఫ్‌లోనే చూసి ఉంటారు. శాశ్వత ఉద్యోగం వచ్చేదాకా మీ లక్ష్యం ఏడాది ఖర్చులు, అంటే దాదాపు ₹2.64 లక్షలు. ఒక్కసారిగా కాదు. ముందు మూడు నెలలకు సరిపడా ₹66,000 చేయండి, ఆపై పెంచుకుంటూ వెళ్లండి. ఉన్న ₹40,000ను ఎట్టి పరిస్థితుల్లోనూ కదిలించకండి. రేపు నిజంగానే విదేశీ ఫెలోషిప్ వచ్చినా వీసా, టికెట్, అక్కడి ఇంటి అడ్వాన్సు, మొదటి జీతం అందేదాకా ఖర్చులు మీరే పెట్టుకోవాల్సి రావచ్చు. ఎంపికైన సంతోషంలోనే మళ్లీ అప్పు కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదనే ఇంతగా చెబుతున్నాను.

కార్డు బాకీ మాత్రం ఈ నెలలోనే తీరాలి. నెలకు 3.5 శాతం వడ్డీ అయితే ₹4,200, దానిపై జీఎస్టీ ₹756. మీరు ₹6,000 కడితే అసలులో తగ్గేది వెయ్యి రూపాయలు చిల్లరే! బంగారాన్ని బ్యాంకులో పెట్టి ₹1.2 లక్షలు తీసుకుని కార్డును పూర్తిగా కట్టేయండి. వడ్డీ 10 శాతం అనుకుంటే, అదే ₹6,000 నెలనెలా కడుతూపోతే రెండేళ్లలోపే తీరిపోతుంది. ఇది కొత్త అప్పు కాదు, ఉన్నదాన్ని తక్కువ వడ్డీకి మార్చుకోవడం. కార్డు మళ్లీ వాడితే మాత్రం రెండు అప్పులవుతాయి, జాగ్రత్త. జీతంలో ఖర్చులు, ఈ ₹6,000 పోను మిగిలే ₹2,000 అత్యవసర నిధిలోకి వెళ్లాలి.

క్యాంపస్ దాటాక విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రం అండ ఉండదు. గెస్ట్ ఫ్యాకల్టీకి బృంద బీమా కూడా ఇవ్వడం అరుదు. కనీసం ₹5 లక్షలకు సొంత ఆరోగ్య బీమా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు. సిప్ సంగతి నిధి పూర్తయ్యాక చూద్దాం.

బోధన మానొద్దు. దరఖాస్తులు ఉద్యోగం చేస్తూనే రాయండి, విదేశాలకే పరిమితం కాకండి. మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ ప్రాజెక్టులు, ఐఐటీల మానవీయ శాస్త్ర విభాగాల పోస్ట్‌డాక్‌లు, నెలకు ₹50,000 ఇచ్చే యూజీసీ డాక్టర్ ఎస్. రాధాకృష్ణన్ ఫెలోషిప్ ప్రకటనలు వచ్చాయేమో చూస్తూ ఉండండి. గిరిజన భాషల మీద పనిచేశారు కాబట్టి ప్రమాదంలో ఉన్న భాషల నమోదుకు నిధులిచ్చే ఈఎల్‌డీపీకి కూడా ప్రయత్నించవచ్చు. అది ఇప్పుడు బెర్లిన్ నుంచి నడుస్తోంది. భాషా సాంకేతికత వైపు ఆసక్తి ఉంటే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లోనూ, కేంద్ర ప్రభుత్వ భాషా అనువాద కార్యక్రమం భాషిణి కింద నడిచే ప్రాజెక్టుల్లోనూ భాషాశాస్త్రం తెలిసినవాళ్ల అవసరం ఉంటుంది. వీటిలో ఏది వచ్చినా ప్రస్తుతం కంటే ఎక్కువగా వచ్చే మొత్తంలో సగం మొదటి ఏడాది అత్యవసర నిధికే వెళ్లాలి.

ఈ జవాబు చదివేలోపే యాప్‌లో ఆ రుణం తీసేసుకుని ఉంటే, ఒప్పంద పత్రంలో కూలింగ్ ఆఫ్ గడువు ఎన్ని రోజులో వెంటనే చూడండి. ఆ గడువులోగా అసలు, వాడుకున్న రోజుల వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా రుణం నుంచి బయటపడే వీలు ఆర్‌బీఐ నిబంధనల్లో ఉంది. ప్రాసెసింగ్ రుసుము పోయినా పర్వాలేదు, డబ్బు తిరిగి కట్టేయండి.