సిగ్నల్ దగ్గర ఆగితే బ్రేక్ పెడల్ మెల్లగా దిగిపోతోంది: ప్యాడ్లు మార్చాలా?

శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగి బ్రేక్ మీద కాలు ఉంచితే పెడల్ మెల్లగా లోపలికి పోతోందని, రెండుసార్లు కొడితే మళ్ళీ పైకి వస్తోందని, బ్రేక్ ఆయిల్ తగ్గలేదని, షెడ్డులో మాత్రం ప్యాడ్లు మార్చమంటున్నారని రాశారు. ప్యాడ్లకి ఇప్పుడే డబ్బులు పెట్టకండి. అవి అరిగితే కీచుమంటాయి, డబ్బాలో ఆయిల్ కాస్త దిగుతుంది. తొక్కి పట్టుకున్న పెడల్ అలా జారడానికి అవి కారణం కావు. నా అనుమానం మాస్టర్ సిలిండర్ మీద, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే పంపు మీద.

మా పాత కారుకీ ఇదే జబ్బు వచ్చింది. ఒక షెడ్డులో బ్రేక్ లైన్లో ఎయిర్ తీశారు, తగ్గలేదంటే మళ్ళీ తీశారు. రోడ్డు మీద గట్టిగా తొక్కితే బండి బాగానే ఆగేది కాబట్టి ట్రయల్ వేసి వచ్చి "బాగానే ఉంది కదండీ" అనేవాళ్ళు. చివరికి నరసన్నపేటలో ఒక పెద్దాయన స్పానర్ ముట్టుకోకుండానే తేల్చేశాడు. ఇంజన్ ఆపించి, బూస్టర్‌లో (మన కాలి బలానికి తోడిచ్చే భాగం) వాక్యూమ్ పోయి పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు కొట్టించాడు. తర్వాత, "గట్టిగా తొక్కకండి బాబూ, ఊరికే కాలేసి ఉంచండి" అన్నాడు. అర నిమిషం గడవకుండానే పెడల్ నా కాలి కింద నుంచి జారిపోయింది.

కిటుకంతా ఆ "ఊరికే"లోనే ఉంది. గట్టిగా తొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడికి మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు విచ్చుకుని గోడకి అతుక్కుంటాయి. అదే మెల్లగా తొక్కితే అరిగిన రబ్బరు పక్కనుంచి ఆయిల్ వెనక్కి జారి డబ్బాలోకే పోతుంది. బయట చుక్క కారదు, మట్టం తగ్గదు. కాలు వేసి ఉంచి ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ ఒక్కసారి కొంచెం దిగి ఆగుతుంది. అది బూస్టర్ పని, దానికి టెన్షన్ పడకండి.

అయితే మాస్టర్ సిలిండర్ కొనే ముందు ఆయిల్ నిజంగా ఎక్కడా కారడం లేదని చూసుకోండి. వెనక డ్రమ్ములు విప్పించి, వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేక్‌ని నెట్టే చిన్న సిలిండర్) చివర రబ్బరు టోపీని వేలితో కొంచెం ఎత్తితే, లీకుంటే అక్కడ తడి తగులుతుంది. మాస్టర్ సిలిండర్ వెనక నుంచి కారితే ఆయిల్ బూస్టర్‌లోకి పోతుంది, బయటికి కనపడదు. నట్లు వదులు చేసి కాస్త ముందుకి లాగి చూడమనండి. కళింగపట్నం వైపు ఉప్పుగాలిలో తిరిగే బండైతే కింద ఇనప పైపుల తుప్పు కూడా చూడాలి.

పెడల్ దిగకుండా, స్పాంజిలా మెత్తగా ఉంటే అది వేరే సంగతి: లైన్లో గాలి, లేదా పాత ఆయిల్. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగిపోతుంది. మరిగితే లైన్లో బుడగలు పుట్టి పెడల్ మెత్తబడుతుంది. సాలూరు ఘాట్ దిగేటప్పుడు మెత్తబడి, చల్లారాక మామూలైపోయే బ్రేకుల్లో చాలావాటి కథ ఇదే. మొదటి తొక్కుడికి బాగా కిందికెళ్ళి, రెండోదానికి పైనే గట్టిగా నిలబడితే వెనక డ్రమ్ముల సెట్టింగ్ చూపించండి.

మాస్టర్ సిలిండరే అని తేలితే రబ్బరు కిట్‌తో సరిపెట్టుకోవద్దని నా అభిప్రాయం. లోపలి గోడకి గీతలు పడి ఉంటే కొత్త రబ్బర్లూ ఎక్కువ కాలం నిలవవు. మొత్తం సెట్ వేయించి, మూత మీద రాసున్న డాట్ నంబరు ఆయిలే పోయించండి. ఏబీఎస్ (చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కొన్ని కార్లకి ఎయిర్ పూర్తిగా పోవాలంటే కంప్యూటర్ స్కానర్ పెట్టాలి, ఆ సౌకర్యం ఉందో లేదో ముందే అడగండి. ఈలోగా హైవే ఎక్కకండి. పెడల్ కింద ఫ్లోర్‌కి తగిలే దాకా వస్తే షెడ్డుకి కూడా నడుపుకుంటూ వెళ్ళొద్దు, మెకానిక్‌నే ఇంటికి పిలిపించుకోండి.