బొగ్గు వేయాల్సింది పెంటకుప్ప మీద కాదు

చిరంజీవి శీనుకు ఆశీస్సులు.

కొట్టం వాసన గురించి పక్కింటివాళ్ళతో మాట పడుతున్నావని, బొగ్గుపొడి తెచ్చి పెంటకుప్ప మీద చల్లినా తగ్గలేదని రాశావు. అలా చల్లితే తగ్గదు బిడ్డా. కళ్ళు మండించే ఆ ఘాటు పేడది కాదు, ఉచ్చది. ఉచ్చలోని యూరియాకు పేడలో ఉండే ఎంజైము తగిలిందంటే కొన్ని గంటల్లోనే అమ్మోనియా అనే ఆ ఘాటు వాయువు పుట్టడం మొదలవుతుంది. తెల్లారి నువ్వు ఎత్తి కుప్పలో వేసేలోపే అందులో చాలా భాగం గాలికి పోతుంది. అందుకే అమ్మోనియాను పట్టుకునే బొగ్గు ఉండాల్సింది బర్రె వెనక కాళ్ళ దగ్గర, ఉచ్చ కాలువలో.

నువ్వు తెచ్చిన సరుకు ఏదో కూడా చూసుకో. రైస్ మిల్లు బాయిలర్‌లోంచి వచ్చేది పూర్తిగా కాలిన ఊక బూడిద. అందులో బొగ్గు తక్కువ, పట్టుకునే గుణమూ తక్కువే. కట్టెల పొయ్యి బూడిదైతే మరీ చేటు, దాని క్షారం అమ్మోనియాను పట్టకపోగా పైకి తరుముతుంది. మనకు కావాల్సింది గాలి అందకుండా కాల్చిన నల్ల బొగ్గు, అదే బయోచార్.

పత్తి కట్టెతో ఇంట్లోనే చేసుకోవచ్చు. పత్తి ఏరడం అయిపోగానే పీకి కాల్చేస్తే గులాబీ పురుగు పీడ కూడా కొంత తగ్గుతుంది. పైన ఐదడుగుల వెడల్పు, మూడడుగుల లోతు, అడుగుకు పోనుపోను సన్నబడే గుంత తవ్వు. కట్టె విరిస్తే ఫట్‌మని విరగాలి, పచ్చిగా ఉంటే పొగ తప్ప ఏమీ రాదు. అడుగున కొంచెం పేర్చి పైనుంచి అంటించు. మంట పైన ఆడుతుంటే కింద బొగ్గుకు గాలి అందదు. పై కట్టె మీద తెల్లటి బూడిద పొర కనబడగానే మరో పొర వెయ్యి. ఆలస్యమైతే బొగ్గు కాస్తా బూడిదవుతుంది. గుంత నిండాక నీళ్ళు కుమ్మరించు, ఆ నీళ్ళు ముందే పక్కన డ్రమ్ముల్లో సిద్ధంగా ఉండాలి. పైపైన తడిపి వదిలేస్తే రాత్రి లోపలినుంచి మళ్ళీ అంటుకుంటుంది. పలుచగా పరిచి, మర్నాడు చెయ్యి పెట్టి చూశాకే కొట్టంలోకి తే. డ్రమ్ములో చేయాలనుకుంటే హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని క్రీడా, అంటే కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, ఇలాంటి కట్టె కోసమే డ్రమ్ము బట్టీ రూపొందించింది. వెళ్ళి అడుగు.

బొగ్గును జొన్నగింజ, శనగగింజ సైజుకు దంచి జల్లించు. మెత్తని దుమ్ము నీ ఊపిరితిత్తులకూ బర్రెల కళ్ళకూ మంచిది కాదు, కాబట్టి చల్లేముందు చేతికి తడి తగిలేంత నీళ్ళు చిలకరించు. ఒక వంతు బొగ్గును పది వంతుల నీళ్ళలో గంట నానబెట్టి, క్షారం ఎంతుందో చూపే పీహెచ్ కాగితం ముంచు. 9 దాటితే నీళ్ళతో ఒకసారి కడిగి వాడు.

మోతాదు బర్రెకు రోజుకు అర కిలో, వరిగడ్డి పరుపు మీద, ఉచ్చ పడే జాగాలోనే. పది బర్రెలకు ఏడాదికి 1,800 కిలోలు దాటుతుంది. ఎకరా పత్తి కట్టె టన్ను అనుకుంటే బొగ్గు 200 నుంచి 250 కిలోలే వస్తుంది, అంటే ఎనిమిది తొమ్మిది ఎకరాల కట్టె కావాలి. అంత లేకపోతే కొట్టమంతా చల్లడం మానేసి కాలువ ఒక్కటే చూసుకో. పరుపు నల్లబడి పొదుగుకు అంటుతుంది, పిండేముందు కడిగి తుడవాల్సిందే. బర్రెలకు బొగ్గు తినిపించమని కూడా కొందరు చెబుతారు. పశువైద్యుణ్ణి అడగకుండా ఆ పని చేయకు.

ఉచ్చ తాగిన ఆ బొగ్గూ గడ్డీ పేడతో కలిపే కుప్పకు పోవాలి. పిడికెడు తీసి పిండితే చెయ్యి తడవాలి గానీ నీరు కారకూడదు. కారితే ఇంకా గడ్డి కలుపు. తడిసి అణిగిన కుప్పలో గాలి ఆడక మీథేన్ వాయువు పుడుతుంది, బొగ్గు రంధ్రాలు కొంత గాలి ఇచ్చినా వాననీళ్ళు నిలిచిన కుప్పను అవి కాపాడలేవు. పైన రేకు, చుట్టూ చిన్న కాలువ ముఖ్యం. టన్ను పేడకు పది కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఎరువు పొరల మధ్య చల్లితే మిగిలిన అమ్మోనియా కూడా కొంత కట్టుబడుతుంది. పదిహేను రోజులకోసారి తిరగెయ్యి. తిప్పిన రోజు వాసన లేస్తుంది, వెంటనే పైన అంగుళం మందాన బొగ్గు కలిపిన మట్టి కప్పు.

పేడనీళ్ళ గుంతకు మాత్రం బొగ్గు మీద భరోసా పెట్టుకోకు. దాన్ని కలియబెట్టినప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కసారిగా పైకి వస్తుంది. మోతాదు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, మనిషి అక్కడే పడిపోతాడు. గాలి ఆడే రోజు, దూరంగా నిలబడి కలుపు. లోపలికి ఎవర్నీ దిగనివ్వకు, పడినవాణ్ణి తీయడానికి కూడా.

ముందు రెండు బర్రెల జాగాలో పది రోజులు వేసి చూడు. పొద్దున్నే తలుపులు తీయకముందు లోపలికి వెళ్ళి, బర్రె పడుకుంటే ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో అంత కిందికి వంగి పీల్చు. బొగ్గు వేసిన పక్కా వేయని పక్కా తేడా అక్కడ తెలుస్తుంది, నిలబడితే తెలియదు.

మీ పెదనాన్న