గేటు మీది బోర్డులో వత్తులు కలిసిపోతున్నాయా?

ప్రశ్న: మా బడి గేటుకు ఒకే వరుస పీ10 ఎల్‌ఈడీ బోర్డు పెట్టించాం. సెలవుల సమాచారం తెలుగులో వేస్తే వత్తులు కలిసిపోతున్నాయి. చివరి భాగం మసకగా ఉంటోంది. ఏం చేయాలి?
– ఒక హెడ్మాస్టర్, పరకాల

జవాబు: పీ10 అంటే వెలిగే చుక్కకూ చుక్కకూ మధ్య 10 మి.మీ. దూరం. దాని మాడ్యూల్ (ఒక్కో పలక) ఎత్తు 160 మి.మీ., అంటే నిలువునా 16 చుక్కలే. ఇంగ్లిషుకు సరిపోతాయి, ‘రాష్ట్రోపాధ్యాయ’ లాంటి మాటకు ఏమూలకు? కింద ఇంకో వరుస కలిపి 32 చేయించండి. కంట్రోలర్ కార్డు (బోర్డుకు అక్షరాలు పంపే సర్క్యూట్) అంత ఎత్తును నడుపుతుందో లేదో ముందే అడగండి. తెలుగు అక్షరాలను కంప్యూటర్లో బొమ్మగా మార్చి ఎక్కిస్తే వత్తు చెదరదు.

మసకకు కారణం చాలాసార్లు సన్న వైర్లే. 5 వోల్టుల సప్లైలో దూరం పోయేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. మందం వైరు వేసి, బోర్డు చివర కూడా సప్లై ఇప్పించండి.

పరుగెత్తే అక్షరాలు మానేయండి. బండి దిగకుండా పిల్లల్ని దింపిపోయే తండ్రి అంతసేపు ఆగడు. నాలుగైదు మాటలు కదలకుండా నిలబడితే చాలు.