ఒకే ప్రిన్సిపాల్ చాలా ఏళ్లు ఉంటే పాలిటెక్నిక్ బాగుపడుతుందా?

ఒకే ప్రిన్సిపాల్ పదిహేను, ఇరవై ఏళ్లు ఉంటే సాంకేతిక కళాశాల ఎదుగుతుందా, ఆగిపోతుందా అని అడిగారు. ఎదుగుతుంది. నేను డిప్లొమా మెకానికల్ చదివిన చోట ప్రిన్సిపాల్ గారు 19 ఏళ్లు ఉన్నారు. ఆయన వచ్చేనాటికి ఒక రేకుల షెడ్డు, ఇనుప ముక్కను తిప్పుతూ చెక్కే నాలుగు లేత్‌లు. వాటిలో తిరిగేది ఒక్కటే. నేను చేరేసరికి ఫిట్టింగ్, వెల్డింగ్, మెషిన్ షాపులు దేనికది వేరుగా ఉన్నాయి. పాత లేత్‌లను ఆయన పారేయనివ్వలేదు. సీనియర్ల చేతనే విప్పించి, బాగు చేయించారు. మేం వాటి మీదే టర్నింగ్ నేర్చుకున్నాం.

మొదటి సంవత్సరం ఒకరోజు ఫిట్టింగ్ షాపులో ఇనుప ముక్కను ఆకురాయితో అరగదీస్తున్నాను. చెమటలు కారుతున్నాయి, అంచు మాత్రం సమంగా రావడం లేదు. వెనక ఎవరో నిలబడ్డారని తిరిగి చూస్తే ఆయన! టెన్షన్‌తో చేతులు ఆడలేదు. ఏమీ అనకుండా ముక్కను బిగించిన వైస్ నుంచి తీసి, మూలమట్టం చూసే ట్రై స్క్వేర్ ఆనించి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టారు. సందులోంచి సన్నగా వెలుగు కనిపించింది. "చూశావా, తప్పు ఎక్కడుందో అదే చెబుతోంది" అన్నారు. తర్వాత చొక్కా చేతులు మడిచి తనే ఆకురాయి పట్టారు. "ముందుకు తోసేటప్పుడే కోస్తుంది బాబూ, వెనక్కి తెచ్చేటప్పుడు నొక్కకు. పళ్లలో రజను ఇరుక్కోకుండా సుద్ద రుద్దు." అరగంట నా పక్కనే ఉన్నారు. ఆఫీసులో ఫైళ్లు ఆగే ఉంటాయి, ఆగనీ.

ఇప్పుడు చాలా చోట్ల ప్రిన్సిపాల్ వర్క్‌షాపు మొహం చూడరు. పిల్లలు చేయని ప్రయోగాలకు రికార్డులు కాపీ కొట్టి సంతకాలు పెట్టించుకుంటున్నారు. గేటు దగ్గర ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీలు మాత్రం ఘనంగా ఉంటాయి. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఎక్కువ కాలం ఎందుకు ఉండాలంటే, మెషిన్ ఒకటి రావాలంటే ప్రతిపాదన, మంజూరు, టెండరు, పునాది, త్రీ ఫేజ్ లైను, నడిపేవాళ్లకు శిక్షణ, ఇన్ని కావాలి. ఇదంతా రెండేళ్లలో తెమలదు. ఆయన రిటైరయ్యాక ఆరేళ్లలో ముగ్గురు మారారు. ఒకరు రాసి తెప్పించిన సీఎన్‌సీ మెషిన్ (కంప్యూటర్ ఆదేశాలతో నడిచేది), లైను వేయించేలోపు ఆయన బదిలీ అయిపోవడంతో, టార్పాలిన్ కప్పుకుని మూలనే ఉండిపోయింది.

అమెరికాలో అలబామాలోని టస్కెగీ పాఠశాలనే చూడండి. నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ 1881లో దాదాపు 30 మందితో మొదలుపెట్టి, 1915లో చనిపోయేదాకా 34 ఏళ్లు నడిపారు. ఇటుక బట్టీ మూడుసార్లు పాడైతే, నాలుగోసారికి తన గడియారం తాకట్టు పెట్టి 15 డాలర్లు తెచ్చారు. ఆ తర్వాత విద్యార్థులే ఇటుకలు కాల్చి, వాటితో భవనాలు కట్టారు. ఆయన పోయేనాటికి అక్కడ దాదాపు 1,500 మంది చదువుతున్నారు. రెండేళ్లకు బదిలీ అయ్యే మనిషైతే మొదటి బట్టీ పాడవగానే ఆ లెక్క మూసేసి వెళ్లేవాడు.